మడమ కింద నల్లమచ్చ, ఆగిపోయిన వంటపని

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, ఊటుపాలెం ప్రాథమికోన్నత పాఠశాల మధ్యాహ్న భోజనం వంటమనిషి యెజ్జల కరుణాకుమారి పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మెలనోమా అను చర్మ క్యాన్సర్‌కు ఆపరేషను చేయించుకొని వచ్చిన నన్ను, అంటువ్యాధి అని వంటగదిలోనికి రానీయకపోవుట గురించి.

1. నేను పదకొండు సంవత్సరములుగా పై బడిలో వంట చేయుచున్నాను. నిరుడు ఎండాకాలంలో నా కుడి మడమ కింద కందిగింజంత నల్లమచ్చ కనబడినది. నొప్పి లేనందున పట్టించుకొనలేదు. దసరా సెలవులకు అది రూపాయి బిళ్లంత అయినది. అంచులు వంకరటింకర, రంగు ఒకచోట నలుపు, ఒకచోట గోధుమ. మా ఊరి ఆర్.ఎం.పి. ఆనెకాయ అని రెండు పర్యాయములు బ్లేడుతో చెక్కినాడు. నెత్తురు కారినది గానీ మచ్చ పోలేదు.

2. నాతో వంట చేయు చెంచులక్ష్మి, ఒకరోజు నేను నడిచిన చోటల్లా రక్తపు మరక చూచి, నన్ను బలవంతంగా నెల్లూరు తీసుకొనిపోయినది. అక్కడి చర్మవైద్యురాలు ముక్క తీసి పరీక్షించి, మెలనోమా అని తేల్చినారు. ఎండలో తిరిగినందుకా అని అడిగితిని. మనబోటి వాళ్లకు ఎక్కువగా ఎండ తగలని చోటనే, అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వచ్చునని చెప్పినారు. మచ్చను చుట్టూ ఉన్న మంచి చర్మంతో సహా తీసివేసి, తొడ చర్మం అతికినారు. గజ్జలోని గ్రంథి పరీక్షించగా జబ్బు అక్కడికి పాకలేదని తెలిసినది. ఆ మాట విని ఆసుపత్రి వరండాలో కూర్చొని ఏడ్చితిని. ఇది అర్జీలో వ్రాయదగినది కాకపోయినా వ్రాయుచున్నాను. మూడు నెలలకొకసారి చూపించుకొనుచు, పని చేసుకొనవచ్చునని కాగితం ఇచ్చినారు. నకలు జతపరచడమైనది.

3. ఆ కాగితంతో బడికి పోగా, ప్రధానోపాధ్యాయులు పెంచలప్రసాద్ గారు గుమ్మం దగ్గరే నిలిపినారు. తల్లులు భయపడుతున్నారన్నారు. ఏ తల్లి అని అడిగితే పేరు చెప్పలేదు.

"నీ మంచికే చెప్తుండా కరుణా. ఇంటికాడ రెస్టు తీసుకో."

"అంటుకునే జబ్బయితే సార్, పక్కన పండుకునే మా ఆయనకి ముందు అంటుకోవాల గదా."

ఆయన ఫోను చూచుకొనిరి.

4. నిజం తేల్చుకొనుటకు నేనే ఇల్లిల్లూ తిరిగితిని. భయపడినవారు ఇద్దరే. మిగిలినవారు నన్ను కూర్చోబెట్టి, మచ్చ ఎట్లుండినదో అడిగి, తమ కాళ్లు చాపినారు. నాట్లు వేయు కాళ్లు. ఎవరూ తమ అరికాలు చూచుకొన్న పాపాన పోలేదు. ఇరువది ఏడుగురి పాదములు, గోళ్లు చూచితిని. నేను వైద్యురాలను కాను. పెరుగుచున్న మచ్చ, మానని పుండు, గోరు కింద నల్లచార ఉన్న ముగ్గురిని మాత్రం నెల్లూరు పంపితిని. ఇద్దరికి ఏమీ లేదు. మస్తానమ్మకు కుడిచేతి బొటనవేలి గోరు కింద ఇదే జబ్బు, మొదటి దశలోనే దొరికినది. ఒకే ఊరిలో ఇద్దరికి రావడం అరుదని డాక్టరమ్మ ఆశ్చర్యపోయినారట. వేలి కొన పోయినది, మనిషి దక్కినది. నాకు భయపడిన ఇద్దరిలో ఆమె ఒకతె; నన్ను లోనికి పిలవక, గడప అవతల నుంచే చెయ్యి చూపినది.

కావున నన్ను తిరిగి తీసుకొనుమని ప్రాధేయపడుట లేదు. తీసివేసినట్లు ఉత్తర్వు ఏదీ లేనందున నేను పనిలోనే ఉన్నాను. క్యాన్సర్ అంటుకొనదని తమరు ప్రధానోపాధ్యాయులకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. బడిలో పెట్టు వైద్య శిబిరంలో అరికాళ్లు కూడా చూడవలెను. సోమవారం ఉదయం నేను పొయ్యి వెలిగింతును. అడ్డుకొనదలచినవారు కారణం వ్రాసి, కింద సంతకం పెట్టవలెను.

ఈ సంగతులన్నియు చిత్తగించి, సోమవారం లోపల బదులివ్వవలెను.

తమ విధేయురాలు,
యెజ్జల కరుణాకుమారి

తా.క.: అర్జీ మడిచేలోగా మస్తానమ్మ వచ్చి తానూ ముద్ర వేస్తానన్నది. ఆడవాళ్లకు కుడి వేలిముద్ర అంటారు, ఆమెకు అది లేదు. ఎడమది వేసింది. చెల్లదని తిప్పి పంపొద్దు సార్. పంపితే ఇద్దరం కలిసి మీ ఆఫీసుకే వస్తాం.