మైనంలో మిగిలింది

జూలై 7, సోమవారం
పొద్దున తల దువ్వుకుంటుంటే కనబడింది — గోటి కింద మైనం. నిన్న సెలవు. శనివారందే అయి ఉంటుంది.
ల్యాబ్‌లో పాత బ్లాకులు తీస్తున్నాం. రోగుల నుంచి తీసి, మైనం పోసి, ఏళ్లుగా దాచిన ముక్కలు. రొమ్ము క్యాన్సర్ తల్లి నుంచి కూతురికి వస్తుందా అని జన్యువుల్లో వెతకాలి. పోయినవాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఈ ఊళ్లో ఉండే తెలుగువాళ్లతో మాట్లాడటం నా పని. నాకే ఇచ్చారు, మాట్లాడే పని...

జూలై 8
ఉధ్నా పేట నుంచి రాజయ్యగారు వచ్చారు, కూతురు రేణుకతో. మరమగ్గాల మీద పని. భార్య సత్తెమ్మగారు పోయి నాలుగేళ్లు.
"టీవీల వార్తలు సదివినట్టే ఉన్నది బిడ్డా నీ తెలుగు." నవ్వాను.
తనకూ వస్తుందేమో తెలియాలని రేణుక వెంటనే ఒప్పుకుంది. సత్తెమ్మగారిది ఇంకా కొంచెం మా దగ్గరే ఉందని ఆయనకు చెప్పాను. శుభవార్తలా చెప్పాను.
"ఇంకా ఉన్నదా? అంతా తాపీ నదిల కలిపిన అనుకున్న గద..."
పరీక్ష అయ్యాక మిగిలింది ఇమ్మన్నారు, నదిలో కలుపుతానని. కొంచెమే తీసుకుంటాం, మిగతాది మీకే అన్నాను. సంతకం పెట్టారు.

జూలై 10
బ్లాక్ దొరికింది. వెలుగుకు పట్టి చూశాను. సూదితో తీసిన ముక్క, దారప్పోగంత. పరీక్షకు కోస్తే ఏమీ మిగలదు.
చూడకుండా మాటిచ్చాను.

జూలై 11
మా ల్యాబ్ డాక్టర్ మేడంకు చెప్పాను. కఠినమైన మనిషి కాదు. టీ చల్లారేదాకా ఆలోచించింది. ఉత్త మైనం ఇచ్చెయ్యి, ఆయనకేం తెలుస్తుంది, అంది హిందీలో. తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.
కోత సోమవారం.

జూలై 12
రేణుక ఫోన్. మంగళవారం వస్తారట. మగ్గాల సేఠ్‌ను అడిగి సెలవు కూడా తీసుకున్నారట.
"మా బాపు పాగల్ అయిండు మేడం. తన మగ్గం మీది గుడ్డ తెచ్చిండు, అమ్మను చుట్టనీకి."
నవ్వుతూనే అంది. చెబుదామని నోరు తెరిచాను. సిగ్నల్ లేనట్టు హలో, హలో అని పెట్టేశాను.

జూలై 13, ఆదివారం
చెబితే ఆయన వద్దంటారేమో. అప్పుడు రేణుకకు ఎప్పటికీ తెలియదు. చెప్పకపోతే, ఆ గుడ్డలో మైనం...
ఆటోలో ఉధ్నా దాకా వెళ్లాను. స్టేషన్ దగ్గర దిగి కాసేపు నిలబడ్డాను. ఆల్థాన్‌లో ఇంటికి తిరిగొచ్చేశాను.
మా అమ్మకు, పోయేలోపు, బయాప్సీ చేయించనే లేదు. అమ్మది ఎక్కడా ఏమీ లేదు.