చిక్కటి ఆయిల్

ప్రియమైన అన్నయ్యకి,

నువ్విచ్చిన కారు ముసలితనం చూపిస్తోంది. రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది మరి, కీళ్లు నొప్పెట్టవా! పొద్దున్నే చలికి మూలుగుతుందే తప్ప లేవదు. నీకు తెలుసుగా, ఆయనకి వారానికి మూడుసార్లు డయాలిసిస్, ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. మొన్న గంట ఆలస్యమయ్యేసరికి మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాటికి ఆయన మొహం, కాళ్లు ఉబ్బిపోయాయి.

ఇక్కడి మెకానిక్ "మీ అన్నయ్య పోసిన ఆయిల్ మరీ చిక్కనమ్మా, పల్చటిది పోద్దాం" అంటున్నాడు. బండితో వచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది. పోయించనా? వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి

ప్రియమైన చెల్లాయికి,

వద్దు. ఆ పుస్తకం కొత్త ఇంజన్‌కి రాసింది, ఈ తాతగారికి కాదు. అరిగిన ఇంజన్‌లో సందులు పెరుగుతాయి, పల్చటి ఆయిల్ వాటిల్లో నిలవదు. నేను పోసిందే పోయించు. బండిని గోడవారగా పెట్టి గోనెపట్టా కప్పు. స్టార్టయ్యాక ఐదు నిమిషాలు ఆగి కదులు. వారానికోసారి పుల్ల తీసి ఆయిల్ ఎంతుందో చూసుకో.

ఇరవై రెండేళ్లుగా ఈ మసిలోనే బతుకుతున్నవాణ్ణి. ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా నా మాట విను. బావగారికి ధైర్యం చెప్పు.

మీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,

తిట్టకు. గోనెపట్టా కప్పినా మళ్లీ రెండుసార్లు మొరాయించింది. ఇంకో విడత డయాలిసిస్ కూడా తప్పింది. భయమేసి పల్చటిది పోయించేశాను. ఇప్పుడు తాళం తిప్పగానే లేస్తోంది, కానీ కింద నుంచి టకటకమని ఒకటే చప్పుడు. ఇదివరకు లేదు. "ఎవరో తలుపు కొడుతున్నారు, తియ్యవే" అని వెనక సీట్లోంచి ఆయన వేళాకోళం. మెకానిక్ తల గోక్కుంటున్నాడు.

నడపచ్చా, ఆపెయ్యాలా? ఒక్క ముక్క రాయి. అప్పటిదాకా మెల్లగా నడుపుతాను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను.

బండి ఆపెయ్యి. అడుగు కూడా కదపకు. ఆ చప్పుడు కొత్తది కాదు, నీకిచ్చేనాటికే ఉంది. ఇంజన్ అడుగున బేరింగులు అరిగిపోయాయి. అమ్మకానికొచ్చిన బండి అలా టకటకలాడితే మా షెడ్డులో చిక్కటి ఆయిల్ పోసి దాని నోరు నొక్కేస్తాం. నీ బండికీ అదే చేశాను. అప్పటికి బావగారు రాయిలా ఉన్నారు, బజారుకీ ఇంటికీ తిప్పుకుంటావులే అనుకున్నాను. చెల్లెలికి కారిచ్చానని నలుగురిలో గొప్పలు కూడా పోయాను. ఆయనకి జబ్బు చేశాక నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు.

వేరే ఇంజన్ దొరికింది, శనివారం తెస్తాను. నన్ను తిట్టు, చెప్పుతో కొట్టు. బండి మాత్రం తియ్యకు.

మీ అన్నయ్య

అన్నయ్యకి,

నీ ఉత్తరం గురువారం అందింది. బండి సోమవారమే ఆగిపోయింది, ఆసుపత్రికి పద్దెనిమిది కిలోమీటర్ల ఇవతల, అటూ ఇటూ ఒక్క ఇల్లు లేని చోట. ఇంజన్ ఒక పక్క పగిలి, నువ్వు వద్దన్న ఆయిలంతా రోడ్డు మీద పారింది. లారీ ఒకటి ఆగేసరికి మూడు గంటలు పట్టింది. అప్పటికే ఆయనకి ఊపిరి అందడం లేదు. బుధవారం పొద్దున పోయారు.

సోమవారం బయల్దేరేముందు చప్పుడు ఎక్కువైంది. నేను వద్దన్నాను, ఇంకెవరి బండినైనా అడుగుదామన్నాను. ఆయనే వినలేదు. "భయపడాల్సిందేదైనా ఉంటే మీ అన్నయ్య ఈపాటికి రాయడూ? రాయలేదంటే ఏమీ లేదనే. పద" అన్నారు.

పల్చటి ఆయిల్ పోయించి నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని గురువారం దాకా గుండెలు బాదుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఏడుపు కూడా రావడం లేదు.

శనివారం ఇంజన్ తేవద్దు. ఆ బండిలో ఎక్కించుకోవడానికి నాకెవరూ లేరు.

చెల్లి