కడిగిన సీసాలు

జూన్ 3, సోమవారం

కొత్త ఆఫీసర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయో లేదో. వచ్చీ రాగానే సర్టిఫికెట్ తగిలించడానికి గోడకి మేకు కొట్టించాడు. దేశంలోకల్లా పెద్ద యూనివర్సిటీ అట, అందులోనూ గోల్డ్ మెడల్ అట. మా నీళ్ళ టెస్టింగ్ ల్యాబ్ మొత్తం వరస కట్టి ఆ ఫ్రేమ్‌ని చూసొచ్చింది. నేనూ వెళ్ళాను. అందరూ పేరు చదివారు, నేను సీలు చూశాను.

అంత చదువు చదివినవాడికి ఈ మూల ల్యాబ్‌లో ఏం పని? ఏదో తిరకాసు ఉంది. ఇవాళ్టి నుంచి ఆయన పేరు గోల్డ్ మెడల్.

జూన్ 4

ఇంట్లో నోరు జారాను. ఆ యూనివర్సిటీ పేరు వినగానే మా అమ్మాయి ఎగిరి గంతేసింది. అది ఎంట్రెన్స్ రాయబోయేది దానికే. సార్‌ని ఒకసారి కలిపించమని నా ప్రాణం తీస్తోంది. మా ఆయనైతే సార్‌ని ఇంటికి భోజనానికి పిలుద్దామన్నారు. చూడని మనిషికి అప్పుడే కుర్చీ వేసేశారు తండ్రీకూతుళ్ళు.

జూన్ 6

గోల్డ్ మెడల్‌కి స్టెరిలైజర్ స్విచ్ ఎక్కడుందో తెలీదు. అది చల్లారకముందే మూత తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. థాంక్స్ చెప్పి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నేనేం చెప్పినా రాసుకుంటాడు. ఏం చేసినా పక్కకొచ్చి నిలబడతాడు. నేర్చుకుంటున్నాడా, నా మీద నిఘా పెట్టాడా?

నా భయం నాది. ఈ పుస్తకంలో కాకపోతే ఎక్కడ చెప్పుకుంటాను. నా డిప్లొమాలో ఒక పేపరు ఉండిపోయింది, స్టాటిస్టిక్స్. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. ఉద్యోగం మాత్రం ఎదురుగా ఉంది. ఒక ఫొటోస్టాట్ షాపువాడు సాయంత్రంలోగా నన్ను పాస్ చేసిచ్చాడు. ఇరవై రెండేళ్ళయింది. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. అమ్మాయికి అసలే తెలీదు.

ఇరవై రెండేళ్ళలో నా చేతిమీదుగా తప్పు రిపోర్ట్ ఒక్కటి వెళ్ళలేదు. ఇది కూడా రాసిపెట్టుకోవాలి కదా.

జూన్ 10, సోమవారం

స్కూల్ నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. పదకొండు మంది పిల్లలకి విరేచనాలట, నీళ్ళు చూడమంది. శాంపిల్ తానే తీస్తానన్నాడు గోల్డ్ మెడల్. నేను సీసాల పెట్టె పట్టుకుని వెనకాల.

ఏం చేశాడో తెలుసా? సీసా మూత తీసి, కుళాయి నీళ్ళు పోసి, గలగలా ఆడించి పారబోశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అన్ని సీసాలూ అంతే. ఎంత శ్రద్ధగానో!

ఉప్పు, సున్నం చూడాలంటే అలాగే కడగాలి. క్రిములు చూడాలంటే చచ్చినా కడగకూడదు. ఆ సీసాల్లో నేను ముందే నాలుగు చుక్కల మందు వేసి ఉంచుతాను. నీళ్ళలో ఉన్న క్లోరిన్‌ని అది ఆపుతుంది. ఆ మందు పోయిందంటే, ల్యాబ్‌కి వచ్చే దారిలోనే క్లోరిన్ క్రిముల్ని చంపేస్తుంది. కుళాయి దగ్గర చెడ్డ నీళ్ళు, మా టేబుల్ మీదకొచ్చేసరికి మంచి నీళ్ళు. మా దగ్గర చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా చెప్పే సంగతి ఇది.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. పప్పులో కాలేశాడు, వెయ్యనీ అనుకున్నాను. దొంగ సర్టిఫికెట్ కాకపోతే ఇంత తెలియకుండా ఉంటుందా?

జూన్ 12

స్కూల్ నీళ్ళు శుభ్రం. ఆయన సంతకం, ఆఫీసు ముద్ర.

మధ్యాహ్నం వరండాలోకి వెళ్ళి ఆ యూనివర్సిటీకి ఫోన్ చేశాను. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, ఒక సర్టిఫికెట్ వెరిఫై చెయ్యాలని చెప్పాను. అటువైపు అమ్మాయి మర్యాదగా నంబరు రాసుకుంది, ఆఫీసు అడ్రస్ కూడా అడిగింది. చెప్పాను.

జూన్ 13

యూనివర్సిటీవాళ్ళే ఫోన్ చేశారు. నిజమే. మెడల్ కూడా నిజమే. నా మొహం మాడిపోయింది.

జూన్ 17, సోమవారం

నా నెత్తిన నేనే రాయి వేసుకున్నాను.

ఫోన్‌లో చెప్పింది చాలదన్నట్టు యూనివర్సిటీవాళ్ళు ఉత్తరం పంపారు. ఆఫీసు అడిగినందున పట్టా సరైనదేనని ధ్రువీకరిస్తున్నాం, అని. ఉత్తరం ఎవరి పేరు మీద వస్తుంది? ఆఫీసర్ పేరు మీద. అంటే ఆయన చేతికే.

కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. అందర్నీ పిలిచి, పైవాళ్ళు ఇలా చెక్ చెయ్యడం మంచి పద్ధతేనని, ఒక్కడిది చేసి వదిలేస్తే బాగుండదని, అందరివీ పంపిద్దామని అన్నాడు. శుక్రవారంలోగా ఒరిజినల్స్ తెచ్చివ్వాలట. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చెప్పాడు. ఉత్తరం వెనక ఉన్నది నేనేనని కనిపెట్టాడా? ఆ మొహంలో ఏమీ కనపడదు.

జూన్ 18

కొంప మునిగిందని మా ఆయనకి చెప్పాను. ఆ సార్‌తో మంచిగా ఉండు, ఇప్పుడు మాత్రం పెట్టుకోకు, నీ చేతి పని చూసి ఏమైనా కళ్ళు మూసుకుంటాడేమో అన్నారు. అమ్మాయి తలుపు చాటు నుంచి ఏంటమ్మా అని అడిగింది. ఆఫీసు గొడవలే అన్నాను.

జూన్ 19

ఇంకో ముప్పై మంది పిల్లలు. ఇద్దరు ఆసుపత్రిలో. ల్యాబ్ రిపోర్ట్ బాగుందని హెడ్‌మిస్ట్రెస్ ఆ కుళాయిలే వాడించింది. ఎందుకు వాడించదు? ముద్ర ఉంది, గోల్డ్ మెడల్ సంతకం ఉంది.

నేనున్నాను కదా అక్కడ. పెట్టె పట్టుకుని, నోరు మూసుకుని. ఆయనకి తెలీదు. నాకు తెలుసు. సిగ్గేస్తోంది.

జూన్ 20, ఉదయం 7:40

ఎవరికీ చెప్పకుండా స్కూల్‌కి వెళ్ళొచ్చాను. నాలుగు కుళాయిలు, నాలుగు సీసాలు. కడగలేదు. ఆ కుళాయిలు కట్టేయమని హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాను. ఎవరు కట్టేయమన్నారని అడిగింది. నేనే అన్నాను. కట్టేసింది, పాపం, ఇంకో మాట అడగలేదు.

జూన్ 21, శుక్రవారం

ఆ నీళ్ళతో క్రిములు పెంచిన నాలుగు ప్లేట్ల నిండా చుక్కలే. లెక్కపెట్టడం కూడా అనవసరం.

ప్లేట్లు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. తలుపేసి అంతా చెప్పాను. ఆయన సీసాలు కడగడం, మందు పోవడం, నేను చూసి కూడా చెప్పకపోవడం. తెల్లబోయాడు. ఆ మనిషికి నిజంగానే తెలీదు. వాళ్ళ యూనివర్సిటీలో శాంపిల్స్ ఎప్పుడూ సిద్ధంగా టేబుల్ మీదకి వచ్చేవట, ఎవరు తెచ్చేవారో ఎప్పుడూ చూడలేదట. సీసా పట్టుకుని కుళాయి దగ్గర నిలబడటం అదే మొదటిసారట. ఐదేళ్ళు చదివాడు!

అక్కడితో ఆగినా బాగుండేది. వివరణ ఇస్తే నమ్మాలి కదా, మీ క్వాలిఫికేషన్ ఏమిటని రాయమంటారు అని అడిగాడు. వెటకారం కాదు, పెన్ను పట్టుకునే అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఏమీ లేదు, రాసుకోండి, అన్నాను. ఒక పేపరు ఫెయిల్, సర్టిఫికెట్ దొంగది, ఉత్తరం తెప్పించిందీ నేనే, మీదే దొంగదనుకున్నాను, అన్నాను. ఇరవై రెండేళ్ళ మాట ఒక్క గుక్కలో బయటికొచ్చేసింది.

పెన్ను కిందపెట్టాడు. స్కూల్‌కి ఫోన్ చేసి రిపోర్ట్ తప్పని, తప్పు తనదేనని చెప్పాడు. నా ఎదురుగానే చేశాడు.

జూన్ 24

గోల్డ్ మెడల్ నన్ను చూస్తే తల దించుకుంటున్నాడు. నా సంగతి లోపలే దాచి, తర్వాత వాడుకుంటాడా? ఏం అడుగుతాడు? రోజంతా ఆయన తలుపు వైపే చూశాను. ఒక్క పని కాలేదు.

జూన్ 25

దాచలేదు. పైవాళ్ళకి రెండు పేజీలు రాశాడు. మొదటి పేజీ తన తప్పు. రెండో పేజీ నాది. పంపేముందు నన్ను పిలిచి చదివి వినిపించాడు. ఈ టెక్నీషియన్ లేకపోతే పిల్లలు ఇంకా ఆ నీళ్ళే తాగేవారు, అని కూడా రాశాడు. ముక్కుసూటి మనిషి. తిట్టుకుందామంటే తిట్టూ రావట్లేదు.

జూలై 2

ఆయనకి మెమో. నన్ను ఇంటికి పంపించేశారు.

ఇంకో ముప్పై మంది పిల్లలకి జబ్బు తెచ్చిన సంతకానికి మెమో. ఆపిన చేతికి డిస్మిస్. ఆయన పట్టా నిజం, అందుకని ఆయన తప్పు పొరపాటు అయింది. నా పట్టా అబద్ధం, అందుకని నా పని కూడా అబద్ధమైపోయింది. నేను చేసింది తప్పు కాదని అనను. కేసు పెట్టకుండా వదిలారు, అదే పదివేలు అన్నారు మా ఆయన. అయినా కడుపు మండిపోతోంది.

జూలై 3

అమ్మాయికి చెప్పాను. మొత్తం. ఏడవలేదు. ఎంట్రెన్స్ రాయనంది. సీసా పట్టుకోవడం నేర్పని యూనివర్సిటీ నాకెందుకంది. నా మీద ప్రేమతో అంటోందని తెలుసు. అయినా గట్టిగా కేకలేశాను. రాయి, వెళ్ళు, ఆ కాగితం తెచ్చుకో, అది లేకపోతే ఏమవుతుందో ఇంట్లోనే కనపడుతోంది కదా అన్నాను. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఫారం నింపింది.

జూలై 15, ఉదయం 10:10

ఫోన్. గోల్డ్ మెడల్. ఇంక్యుబేటర్ వేడి నిలబడట్లేదట, మెకానిక్ రెండుసార్లు వచ్చి వెళ్ళాడట. రికార్డ్ చేస్తున్నాడేమోనని ముందు అనుమానం వచ్చింది. తర్వాత లోపల ఉన్నవి ఎవరి నీళ్ళని అడిగాను. ఆసుపత్రివట.

దాని తలుపు కింది అంచుని మోకాలితో కొంచెం పైకెత్తి మూయమన్నాను. పెన్ను శబ్దం వినిపించింది. ఇది ఏ పుస్తకంలో ఉందండీ అని అడిగాడు. నిజంగానే అడిగాడు.