అత్తకు చెప్పని పెళ్లి

అమ్రోలి, సూరత్.

సుగుణా,

దేవుడు నిన్నూ బిడ్డనూ చల్లగా చూడాలి. నీకు కొడుకు పుట్టాడని ఆదివారం ప్రార్థన అయ్యాక పక్కింటి గంగవ్వ చెబితేనే తెలిసింది. "నీ కోడలు ఆ సచిన్ మిల్లుల ఏరియాల మారు పెండ్లి చేసుకొని ఏడాదిన్నర అయితుంది. నీకు ఎరికే లేదా ఏందక్కా?" అంది. అందరి ముందూ తల దించుకున్నాను.

నా కొడుకు పోయాక మూడేళ్లు మనిద్దరం ఒకే గదిలో బతికాం. రోజూ నీచేత బైబిల్లోని రూతు కథ చదివించుకునేదాన్ని. భర్తా కొడుకులూ పోయి ఎండుమోడైన నయోమిని, ఆమె కోడలు రూతు ద్వారా దేవుడు ఎలా చిగురింపజేశాడో నువ్వే విడమరిచి చెప్పేదానివి. "నిన్ను ఇడిశిపెట్టి నేను ఏడికీ పోను అత్తమ్మా" అన్నావు. తర్వాత మిల్లు దగ్గరే గది దొరికిందన్నావు, నమ్మాను. క్రిస్మస్‌కు డ్యూటీ పడిందన్నావు, అదీ నమ్మాను.

నువ్వు పెళ్లి చేసుకున్నందుకు కాదు నా బాధ. రూతుకు మళ్లీ పెళ్లి జరగాలని కోరింది అత్తే కదా! అదంతా చదివి కూడా, నేను అడ్డుపడతానని ఎలా అనుకున్నావు? ఆ కోపం ఇంకా పోలేదు. పోయిందని అబద్ధం రాయలేను.

రూతుకు పుట్టిన బిడ్డను నయోమే ఒడిలో పెట్టుకుని పెంచింది. తన రక్తం కాదని అనలేదు.

వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తాను. నీతో మాట్లాడగలనో లేదో తెలియదు. బిడ్డను మాత్రం నా చేతికివ్వు.

నీ అత్తమ్మ