ఏరియల్ తీగ మీద వల

1962 నవంబరు, గురువారం

నా హామ్ రేడియోకు కట్టిన ఎనభై మీటర్ల బ్యాండు ఏరియల్ సాయంత్రం మొండికేసింది. ఎంత ట్యూన్ చేసినా ట్రాన్స్‌మిటర్‌తో పొసగలేదు, అందులోని వాల్వు వేడెక్కి ఎర్రబడింది. అతుకులకు పట్టిన ఉప్పు గీకాను, ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోశాను.

"ఇంత సేవ మల్లెచెట్టుకు చేసుంటే పూలన్నా పూసేది" అంది మా ఆవిడ.

చివరికి తీగ వెంటే నడిచి, దాని అవతలి కొస కట్టిన సరుగుడు చెట్టు దాకా పోయాను. పక్క గుడిసె ముందు కూర్చున్న జాలరి పోలయ్య భార్య నవ్వింది.

"వల కోసరమా పెద్దయ్యా ఎతికేది? నెలనాళ్లుగా మీ తీగమీదే గదా ఆరేస్తా ఉండాం! తెల్లారే వేటకు ఎత్తుకపోయినాడు."

అంటే నేను ఇన్నాళ్లూ తీగతో పాటు ఆ ఉప్పునీటి తడి వలను కూడా కలుపుకొని ట్యూన్ చేశానన్నమాట!

మళ్లీ సర్దడం పెద్ద పనేం కాదు. కానీ చీకటి పడేలోపు రావలసిన పోలయ్య పడవ ఇంకా రాలేదు, గాలి పెరుగుతోంది. ట్యూనింగు ముట్టుకోలేదు. ఆ వల వచ్చేదాకా అలాగే ఉండనీ.