కన్ను నాది, జవాబు నీదా?

మార్చి 14, గురువారం.

అబ్బాయీ,

పక్క గదిలో ఉన్న నీకు ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే సగంలోనే "సరేలే అమ్మా" అంటావు. రేపు మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కనుక రాస్తున్నాను.

పోయినసారి ఆవిడ "షుగరుందా అమ్మా?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే నువ్వు, "కంట్రోల్లోనే ఉందండీ. వయసు కదా!" అన్నావు. కంట్రోల్లో లేదని రక్తపరీక్ష రిపోర్టులో ఉంది. కంటికీ దానికీ ఏం సంబంధమని దాన్ని ఇంట్లోనే వదిలేశావు. ఆవిడ నీ మాట నమ్మి, చుక్కల మందు రాసి పంపేసింది.

ఎడమ కంటి ఎరుపు తగ్గలేదు. లైటు వేస్తే కన్ను పోటు పెడుతోంది. నిన్న మనవరాలి లెక్కలు దిద్దబోతే ఎడమ కంటికి అంకెలన్నీ పొగలో ఉన్నట్టున్నాయి. షుగరు అదుపులో లేకపోతే కంటి లోపలి వాపు ముదురుతుందని, ఆలస్యమైతే చూపే పోవచ్చని నర్సుగా చేసే మీ చెల్లెలు ఫోనులో చెప్పింది. వయసంటావా, నా కుడి కంటికీ అంతే వయసు.

రేపు జరగవలసినవి:

1. రక్తపరీక్ష రిపోర్టులన్నీ సంచిలో పెట్టు.
2. వయసు సంగతి డాక్టరే తేలుస్తుంది, నువ్వు ఎత్తకు.
3. నాతోపాటు లోపలికి రా, కూర్చో. ప్రశ్న నన్నడిగితే జవాబు నేనే చెబుతాను.