దానియేలు కట్టిన పాట

రాజాం, డిసెంబరు 2014, మంగళవారం రాత్రి

ఈ రోజు చర్చిలో దానియేలు పాటను చంపేశాను. తెలిసే చంపాను.

కిందటేడు పోయిన వాళ్లమ్మ గుర్తుగా, ఈ క్రిస్మస్‌కని కట్టుకున్న పాట అది. క్వయర్ పిల్లలందరి ముందూ కీబోర్డు మీద వాయిస్తూ పాడి, "ఎలాగున్నాది బావా?" అని నన్నే అడిగాడు. వాడి చెయ్యి పక్కకు తోసి, వాడి పాటంతా నడిచే ఆ నాలుగు కార్డ్స్, అవే స్వరాల గుత్తులు నొక్కుతూ మూడు సినిమా పాటలు వరసగా అందుకున్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లు నవ్వేకొద్దీ నాకు ఊపొచ్చింది.

"ఇది పాట కాదురా, అచ్చులో తీసిన ఇటుక. మార్కెట్టోడు తీస్తాడు, నువ్వు మోస్తన్నావు" అన్నాను. ఆ మాట మా కూలీల సంఘం కరపత్రంలోది. నాది కూడా కాదు.

"అందరూ రెండో లైనుకే అందుకోవాల గదా బావా. మాయమ్మకి సదువు రాదు. ఇలాగైతేనే పాడీది" అన్నాడు. కీబోర్డు మీద గుడ్డ కప్పేశాడు. "ఈసారికి పాతవే పాడదామర్రా" అని పిల్లలకు చెప్పేశాడు.

ఇంటికొచ్చి, ఆదివారం కూలీల సభకు నేను రాసిన పాట తీశాను. ఆ కార్డ్స్ మనసులో వేసుకుంటూ పాడి చూశాను. పల్లవి దాటకుండానే దొరికిపోయాను. అవే నాలుగు. నేనూ అందుకే అలా కట్టాను, కూలీలంతా రెండో లైనుకే అందుకోవాలని.

సభలో కీబోర్డు వాయించేది దానియేలే. మొదటి లైనుకే వాడికి తెలిసిపోతుంది. తెలిసినా ఒక్క మాట అనడు, వాయిస్తాడు.

నేను మాత్రం నా పాట ఆపుకోను.